హికప్‌కి రెండు స్పెల్లింగులు ఎందుకు? ఆ మాట అసలు ఎలా పుట్టింది?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీ అమ్మాయి స్పెల్లింగు పుస్తకంలో ఎక్కిళ్ళకి ఇంగ్లీషు మాట హెచ్-ఐ-సి-సి-యు-పి అని ఉంది. మీ నాన్నగారు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ కాగితంలో మాత్రం హెచ్-ఐ-సి-సి-ఓ-యు-జి-హెచ్ అని ఉంది. పాప దాన్ని ‘హికాఫ్’ అని చదివి, తాతయ్యకి దగ్గుతో కలిసిన ఎక్కిళ్ళు వచ్చాయా అని అడిగింది. అది చాలదన్నట్టు మీ ఆఫీసులో సర్వర్ కాసేపు ఆగిపోతే ‘చిన్న హికప్’ అంటున్నారు. ఇవి రెండు మాటలా, ఒకటేనా? ఏది కరెక్టు? అసలీ మాట ఎక్కడిది? ఇదీ మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, మాట ఒకటే. రెండు స్పెల్లింగులూ నిఘంటువుల్లో ఉన్నాయి. రెండిటినీ ‘హికప్’ అనే పలకాలి. దగ్గుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పాప పుస్తకంలో ఉన్నదే ఈ మాట పుట్టుకకు దగ్గరగా ఉన్న రూపం. డిశ్చార్జ్ కాగితంలో ఉన్నది చదువుకున్నవాళ్ళు పొరపాటుగా చేసిన సవరణ. అది దాదాపు 400 ఏళ్ళుగా నిలిచిపోయింది.

డిగ్రీ కాలేజీలో 30 ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పాను. స్పెల్లింగుల గురించి పిల్లలు అడిగే ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. చాలా స్పెల్లింగులకి ‘అది అంతే, బట్టీ పట్టండి’ అని తప్ప ఏమీ చెప్పలేం. ఈ మాటకి మాత్రం అలా కాదు, అది పుట్టిన చప్పుడు ఇప్పటికీ మన గొంతులోనే ఉంది.

పాపకి చెప్పేటప్పుడు పుస్తకం తెరవక్కర్లేదు. ఈసారి ఇంట్లో ఎవరికైనా ఎక్కిళ్ళు వచ్చినప్పుడు పక్కన కూర్చుని చెవి పెట్టి వినమనండి. మొదట గాలిని లోపలికి గుంజుకున్నట్టు ఒక ‘హ’. ఆ వెంటనే తలుపు మూసినట్టు ఒక ‘క్’. అంతే. ఒంట్లో జరిగేది కూడా సరిగ్గా అదే. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రమ్ అనే కండరం మన ప్రమేయం లేకుండా చటుక్కున బిగుసుకుని కిందికి దిగుతుంది. గాలి లోపలికి దూసుకొస్తుంది. అది మొదలైన 35 మిల్లీసెకన్లకే, అంటే దాదాపు సెకనులో ముప్పయ్యో వంతులో, స్వరతంత్రుల మధ్య ఉన్న సందు టక్కున మూసుకుపోతుంది. లోపలికి వస్తున్న గాలి అక్కడే ఆగిపోతుంది. దగ్గులోనూ తుమ్ములోనూ గాలి బయటికి పోతుంది. ఎక్కిలిలో లోపలికి వెళ్తూ వెళ్తూ ఆగిపోతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

ఇంగ్లీషువాళ్ళ చెవి ఆ చప్పుడుని ‘హిక్’ అని పట్టుకుంది. 16వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో ఈ మాట హికెట్, హికాక్, హికాప్ అని రకరకాలుగా కనిపిస్తుంది. ముందున్న ‘హిక్’ ఎక్కడా మారదు, మారేది తోక ఒక్కటే. ‘ఎట్’, ‘ఆక్’ అనేవి ఇంగ్లీషులో ఏదైనా చిన్నది అని చెప్పడానికి తగిలించే తోకలు. హిల్ అంటే కొండ, హిల్లాక్ అంటే చిన్న గుట్ట. అలాగే హికాక్ అంటే ‘చిన్న హిక్’ అన్నమాట. చివర పెదవులు మూసుకునే ‘ప్’ ఉన్న రూపం 1570ల నుంచి రాతల్లో దొరుకుతోంది. జనం నోట నిలబడింది అదే. ఇప్పుడు మనం రాసే రెండు సి-లు, యు, పి అనే అక్షరాల వరస మాత్రం 18వ శతాబ్దం చివర్లోగానీ కుదురుకోలేదు. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్ళు సి-కె అనీ, ఒక్క కె అనీ రాసేవారు. స్పెల్లింగు ఎలా ఉన్నా పలకడం మాత్రం హికప్ అనే.

అంతకంటే ముందు ఇంగ్లీషులో ఎక్కిళ్ళకి మాట లేదా అంటే, ఉంది. ‘యెక్స్’ అనేవారు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో, తాగి పడుకోబోతున్న ఒక మిల్లు యజమాని ‘యెక్సెత్’ అని ఉంటుంది, అంటే ఎక్కిళ్ళు పెడుతున్నాడని. ఇది కూడా చప్పుడుని పట్టిన మాటే. చివర ‘క్స్’ దగ్గర గొంతు ఎలా ఆగుతుందో ఒకసారి పలికి చూడండి. దీనికి మూలమైన పాత ఇంగ్లీషు క్రియకి ఇంకో అర్థం ఉంది, వెక్కి వెక్కి ఏడవడం. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను, మన తెలుగుకి అక్కడే పని ఉంది.

ఇక ‘కాఫ్’ సంగతి. 1620ల నుంచి ఈ మాటని దగ్గు అనే మాటతో కలిపి రాయడం మొదలైంది. ఎందుకంటే ‘హిక్’ చెవికి అర్థమవుతుంది, ‘అప్’ అనే తోకకి అర్థమేమీ కనిపించదు. మనిషి మనసు అర్థంలేని తోకని అలా వదిలెయ్యలేదు. ఏదో తెలిసిన మాటని అక్కడ కూర్చోబెడుతుంది. ఇదీ గొంతులో వచ్చేదే, దగ్గూ గొంతులో వచ్చేదే, కాబట్టి ఇది ‘హిక్ దగ్గు’ అయి ఉంటుంది అనుకున్నారు. తెలియని ముక్కని తెలిసిన మాటగా మార్చుకోవడం ప్రతి భాషలోనూ ఉంది. అస్పారగస్ అనే కూరని ఇంగ్లండులో ఒకప్పుడు ‘స్పారో గ్రాస్’ అనేవారు, పిచ్చుక గడ్డి అని. మనం హాస్పిటల్‌ని ఆసుపత్రి చేసుకున్నాం. వినడానికి చివర మారేడు పత్రి లాంటి ‘పత్రి’ ఒకటి వచ్చి చేరింది, నిజానికి అక్కడ పత్రీ లేదు, ఆకూ లేదు.

హికప్ విషయంలో తేడా ఏమిటంటే, ఈ మార్పు కాగితం మీదే జరిగింది, నోట జరగలేదు. ఇంగ్లీషు స్పెల్లింగులో నేను చూసినవాటిలో ఇంత స్పష్టంగా దొరికిపోయిన పొరపాటు ఇంకొకటి లేదు. దీనికి మంచి సాక్ష్యం ఉంది. 1660లలో శామ్యూల్ బట్లర్ రాసిన హ్యూడిబ్రాస్ అనే వ్యంగ్య కావ్యంలో ఒకచోట ‘ప్రిక్ అప్’ అనే మాటకి ప్రాస కలుపుతూ తర్వాతి పాదం చివర ‘హికప్’ అని వేశాడు. చెవులు నిక్కబొడుచుకోవడం మొదటి పాదంలో, ఎక్కిళ్ళు రెండో పాదంలో. అంత్యప్రాస కుదరాలంటే ఆ కాలం పాఠకులు దాన్ని హికప్ అనే చదివి ఉండాలి. ‘హికాఫ్’ అని చదివితే ప్రాస చెడిపోతుంది. పద్యంలో ప్రాస ఉన్నచోట ఉచ్చారణ దాక్కోలేదు. మన పాత పద్యాల్లోనూ ఏ అక్షరం ఎలా పలికేవారో యతిప్రాసలే పట్టిస్తాయి కదా, ఇదీ అలాంటిదే.

అయినా పెద్దవాళ్ళే తికమకపడ్డారు. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఇంగ్లీషుకి ఎంతో కాలం ప్రమాణం. అందులో ఆయన ‘కాఫ్’ ఉన్నదాన్ని అసలు రూపంగా తీసుకుని, ‘అప్’ ఉన్నదాన్ని దాని వికృతి అని రాశాడు. అంటే తల్లిని బిడ్డ అనీ, బిడ్డని తల్లి అనీ చెప్పినట్టయింది. ఆ నిఘంటువుకి ఉన్న గౌరవం వల్ల చదువుకున్నవాళ్ళలో జి-హెచ్ స్పెల్లింగు ఇంకా గట్టిపడి ఉంటుందని నా అభిప్రాయం. తర్వాత ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తయారుచేసినవాళ్ళు పాత రాతలన్నీ వరసగా పెట్టి చూసి లెక్క సరిచేశారు. చివరి భాగం దగ్గు అనే పొరపాటు అభిప్రాయంతో ఈ స్పెల్లింగు వచ్చిందనీ, ఉచ్చారణని అది ఏమాత్రం మార్చలేదనీ, ఇది ఉత్త తప్పు కాబట్టి వదిలెయ్యాలనీ అందులో తేల్చి చెప్పారు. సాధారణంగా నిఘంటువులు ఇలా తీర్పు చెప్పవు, ఉన్నది ఉన్నట్టు నమోదు చేసి ఊరుకుంటాయి. ఇక్కడ మాత్రం చెప్పాయి.

ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. చప్పుడు ప్రకారం చూసినా ఆ సవరణ తప్పే. దగ్గు బయటికి పోయే గాలి, ఎక్కిలి లోపలికి వచ్చే గాలి. మాటని పుట్టించిన మామూలు జనం చెవి చప్పుడుని సరిగ్గా విన్నది. దిద్దినవాళ్ళు వినలేదు, ఆలోచించారు.

పాపకి ఇంకో సంగతి కూడా చెప్పండి, ఆసక్తిగా వింటుంది. దగ్గుకి ఇంగ్లీషు మాట ‘కాఫ్’ కూడా పుట్టుకతో చప్పుడు మాటే. అందులో ఇప్పుడు మనం ‘ఫ్’ అని పలికే జి-హెచ్ ఒకప్పుడు ‘ఫ్’ కాదు. గొంతు వెనక నుంచి గీసుకుంటూ వచ్చే ‘ఖ్’ లాంటి శబ్దం. కఫం పట్టినవాళ్ళు ఖళ్ళున దగ్గినప్పుడు వచ్చే శబ్దమే అది. కాలక్రమంలో ఇంగ్లీషువాళ్ళ నోట ఆ శబ్దం పోయింది. కొన్ని మాటల్లో పూర్తిగా మాయమైంది, కొన్నిటిలో ‘ఫ్’ అయింది. నవ్వుకి ‘లాఫ్’ అంటారే, అందులో జి-హెచ్ కూడా అలా మిగిలిందే. ‘ఎందుకు సార్ ఈ జి-హెచ్’ అని అడిగినప్పుడు నేను క్లాసులో అందరినీ ఒకసారి ఆ ‘ఖ్’ పలకమనేవాణ్ణి. అరవై మంది ఒకేసారి గొంతు గీకేసరికి గది గదంతా దగ్గినట్టు ఉండేది. ఆ తర్వాత ఆ స్పెల్లింగు తప్పు రాసినవాళ్ళు తక్కువ.

ఓ-యు-జి-హెచ్ అనే నాలుగు అక్షరాలు పిల్లల్ని ఎంత ఏడిపిస్తాయో మీకు తెలుసు. కాఫ్‌లో ‘ఆఫ్’, రఫ్‌లో ‘అఫ్’, దో-లో ‘ఓ’, త్రూ-లో ‘ఊ’, కొమ్మ అనే అర్థమున్న బౌ-లో ‘ఔ’. వీటన్నిటి మధ్యా ‘అప్’ అని పలికేది ఒక్క ఎక్కిళ్ళ మాటలోనే. పాప దాన్ని ‘హికాఫ్’ అని చదవడం తన తప్పు కాదు, అక్షరాలు చూసినవాళ్ళెవరైనా అలాగే చదువుతారు. కాలేజీలో చేరే పిల్లల్లో సగం మంది అలాగే చదివేవారు.

అయితే డాక్టర్లు ఇంకా ఆ స్పెల్లింగే ఎందుకు రాస్తున్నారు? ఇది వాళ్ళ అజ్ఞానం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకీ, ప్రతి లక్షణానికీ ఒక కోడ్ ఇచ్చి పెద్ద పట్టిక తయారుచేసింది. దాని పదో కూర్పులో ఎక్కిళ్ళ కోడ్ ఆర్06.6, పక్కన ఉన్న పేరు జి-హెచ్ స్పెల్లింగుతోనే ఉంది. ఇన్సూరెన్సు కాగితాలకీ, హాస్పిటల్ రికార్డులకీ ఆ పట్టికే ఆధారం కాబట్టి పేరు అక్కడినుంచే దిగుతుంది. అదే పట్టికలో దగ్గుకి వేరే కోడ్ ఉంది, ఆర్05. అంటే ఆ పట్టిక తయారుచేసినవాళ్ళకి కూడా ఇవి రెండూ వేరని బాగా తెలుసు. పాపకి నమ్మకం కుదరకపోతే ఆ రెండు కోడ్‌లూ చూపించండి. కొందరు డాక్టర్లు ‘సింగల్టస్’ అని కూడా రాస్తారు. అది లాటిన్ మాట, దానికీ అర్థం ఎక్కిళ్ళే.

ఆ సింగల్టస్ దగ్గరినుంచి అసలు కథ మొదలవుతుంది. లాటిన్‌లో దానికి ఎక్కిలి అనీ అర్థం, వెక్కి వెక్కి ఏడ్చే ఏడుపు అనీ అర్థం. దాని పిల్లలు యూరప్ నిండా ఉన్నాయి. ఇటాలియన్‌లో ‘సింగ్యోట్సో’ అంటే ఎక్కిలీ, వెక్కూ రెండూ. పోర్చుగీసు ‘సొలూసు’కీ అంతే. ఫ్రెంచిలో మాత్రం ఆ లాటిన్ మాటనుంచి వచ్చిన ‘సాంగ్లో’ ఏడుపుకే మిగిలింది, ఎక్కిళ్ళకి ‘ఒకే’ అని మళ్ళీ చప్పుడుతోనే వేరే మాట పుట్టించుకున్నారు. గ్రీకులో ఎక్కిళ్ళు పెట్టడానికి వాడే క్రియని వెక్కడానికీ వాడేవారు. వీటితో ఏ చుట్టరికమూ లేని టర్కీ భాషలో ‘హిచ్కిరిక్’ అంటే కూడా రెండూనూ. ఇందాక చెప్పిన పాత ఇంగ్లీషు మాటకీ రెండు అర్థాలే.

ఇప్పుడు మన తెలుగు చూడండి. ‘ఎక్కిళ్ళు వస్తున్నాయి’ అంటాం. ‘వెక్కి వెక్కి ఏడ్చింది’ అంటాం. కొన్ని ఇళ్ళలో ఎక్కిళ్ళనే వెక్కిళ్ళు అంటారు. రెండూ ఒక్కటే మాట. బాగా ఏడ్చిన పసివాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసినవాళ్ళకి ఎందుకో చెప్పనక్కర్లేదు. ఏడుపు ఆగిపోయాక కూడా, నిద్రలోకి జారుకున్నాక కూడా, ఛాతీ ఉండుండి ఒక్కసారి ఎగిరిపడుతుంది. లోపలికి గాలి గుంజుకుని ఆగుతుంది. తడిసిన రెప్పలు మూసే ఉంటాయి, ఒళ్ళు మాత్రం వెక్కుతూనే ఉంటుంది. అది వెక్కో, ఎక్కిలో బయటివాళ్ళు చెప్పలేరు. రోమ్‌లో తల్లీ, టర్కీలో తల్లీ, మన గోదావరి జిల్లాలో తల్లీ అదే విన్నారు, అదే పేరు పెట్టారు. ఎవరి దగ్గరా ఎవరూ అప్పు తెచ్చుకోలేదు.

కన్నడంలో ఎక్కిళ్ళని ‘బిక్కళికె’ అంటారు, ‘బిక్కి బిక్కి’ ఏడ్చిందంటారు. మన ‘వెక్కి వెక్కి’కి అచ్చంగా జోడీ. తెలుగులో వ ఉన్నచోట కన్నడంలో బ రావడం మామూలే: వెన్న బెణ్ణె, వెండి బెళ్ళి, వెల్లుల్లి బెళ్ళుళ్ళి. ఆ వరసలోనే వెక్కు బిక్కు. తమిళంలో ‘విక్కల్’. అంటే ఈ మాట ద్రావిడ భాషలు విడిపోకముందే ఇంట్లో ఉన్నది. చప్పుడుగా పుట్టినా, ఒకసారి ఇంటి మాట అయ్యాక మిగతా మాటల్లాగే అన్నదమ్ముల పంపకాల్లో తలా ఒక రూపం తీసుకుంది.

మన భాష గురించి నేను గర్వంగా చెప్పుకునే సంగతి ఇంకొకటి ఉంది. తెలుగులో చప్పుడు మాటలకి కొదవలేదు, కానీ వాటిలో ఎక్కువ భాగం ‘మని’ పట్టుకుని నడుస్తాయి. ఖళ్ళుఖళ్ళుమని దగ్గాడు, గలగలమని పారింది, టపటపమని రాలాయి. ఆ చప్పుడు క్రియ పక్కన నిలబడుతుంది. ‘వెక్కు’ అలా కాదు. వెక్కింది, వెక్కుతోంది, వెక్కకు అని చప్పుడే నేరుగా క్రియ అయిపోయింది. ఇంగ్లీషులో హికప్ కూడా అంతే, నామవాచకమూ అదే, క్రియా అదే. పైగా ఇంగ్లీషులో ఒక్క మాటకి రెండు స్పెల్లింగులు వచ్చినా అర్థం ఒకటిగానే మిగిలింది, రెండో స్పెల్లింగు వల్ల ఏ లాభమూ కలగలేదు. మనకి ఎక్కు, వెక్కు అని రెండు రూపాలు వస్తే ఒకదాన్ని ఒంటికీ ఒకదాన్ని మనసుకీ చాలావరకు పంచుకున్నాం.

సంస్కృతంలో ఎక్కిళ్ళకి ‘హిక్క’ అని పేరు. ఆయుర్వేదంలో చరక సంహిత దాన్ని ఐదు రకాలుగా విభజించి, శ్వాస రోగాలతో కలిపి చెప్పింది. హిందీలో ‘హిచ్కీ’. ఇది విన్న వెంటనే చాలామంది ‘చూశారా, ఇంగ్లీషు హికప్ మన హిక్క నుంచే వెళ్ళింది’ అంటారు. నేను చాలా సభల్లో ఈ మాట విన్నాను. అది నిజం కాదు, పాపకి అలా చెప్పకండి. డచ్చిలో ‘హిక్’, డేనిష్‌లో ‘హికె’, రష్యన్‌లో ‘ఇకోత’, వెల్ష్‌లో ‘ఇగ్’, స్పానిష్‌లో ‘ఇపో’. వీటిలో చాలావాటికి ఒకదానితో ఒకటికి అప్పూ లేదు, చుట్టరికమూ లేదు. అందరి డయాఫ్రమ్ ఒకటే, అందరి గొంతు ఒకటే, అందుకే మాటలు కలిశాయి. సంస్కృతం నుంచి ఇంగ్లీషుకి నిజంగా వెళ్ళిన మాటలు ఉన్నాయి, వాటికి దారి చూపించే ఆధారాలు ఉన్నాయి. చప్పుడు మాటల్లో పోలికని ఆధారంగా తీసుకుంటే, కాకి ప్రతి దేశంలోనూ మన భాషే మాట్లాడుతోందని చెప్పాల్సి వస్తుంది.

ఇక మీ ఆఫీసు హికప్. ఇది 20వ శతాబ్దంలో వచ్చిన వాడుక. సాఫీగా సాగుతున్న పని ఒక్క క్షణం తట్టుకుని, మళ్ళీ దానంతట అదే సాగిపోతే హికప్ అంటారు. ఎక్కిలి ఊపిరికి చేసేది కూడా అదే కదా. ఈ ఆలోచన ఇంగ్లీషువాళ్ళకి మాత్రమే వచ్చింది కాదు. హిందీలో హిచ్కీ లాంటి చప్పుడుతోనే ‘హిచ్కిచానా’ ఉంది, అంటే తటపటాయించడం. ఇటలీలో ఒకేసారి పనంతా మానకుండా కాసేపు ఆపి, కాసేపు చేసి, మళ్ళీ ఆపే సమ్మెని ‘ఎక్కిళ్ళ సమ్మె’ అంటారు. ఫ్రెంచి ‘ఒకే’ పేరుతోనే 13, 14 శతాబ్దాల యూరప్ సంగీతంలో ‘హాకెట్’ అనే పద్ధతి ఉండేది. ఒకే రాగాన్ని ఇద్దరు గాయకులు ముక్కలు ముక్కలుగా పంచుకుని, ఒకరు పాడుతుంటే ఒకరు ఆగుతూ, వెంటవెంటనే అందిపుచ్చుకుంటూ పాడేవారు. వింటే పాట ఎక్కిళ్ళు పెడుతున్నట్టే ఉంటుంది.

ఆఫీసులో ఈ మాట వాడేటప్పుడు ఒక్కటి చూసుకోండి. హికప్ అనాలంటే ఇబ్బంది చిన్నదై ఉండాలి, తాత్కాలికమై ఉండాలి, అప్పటికే తీరిపోయి ఉండాలి. సర్వర్ 10 నిమిషాలు ఆగి మళ్ళీ నడిస్తే హికప్. ఎవరి జీతమో రెండు వారాలు ఆగిపోతే అది హికప్ కాదు, వాళ్ళకి ఇంటి అద్దె టెన్షన్. మనవల్ల అవతలివాళ్ళకి నష్టం జరిగినప్పుడు ‘మైనర్ హికప్’ అని మెయిల్ పెడితే, ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్ళకి అది తేలిక చేసినట్టు వినిపిస్తుంది. అక్కడ జరిగిందేమిటో మామూలు మాటల్లో చెప్పి క్షమించమనడమే మంచిది. ఈ అర్థంలో జి-హెచ్ స్పెల్లింగు అసలు వాడకండి, చదివేవాళ్ళు ఆ దగ్గు దగ్గరే ఆగిపోతారు.

పాపకి పరీక్షలో పనికొచ్చేవి రెండు మూడు. యు-పి స్పెల్లింగే రాయమనండి. భూతకాలానికి చివర ఒక్క పి చాలు, రెండు పి-లు రాసినా తప్పనరు. ఎక్కిళ్ళు వస్తున్నాయని చెప్పేటప్పుడు మనలాగే ఇంగ్లీషులో కూడా బహువచనమే, ‘ఐ హ్యావ్ హికప్స్’. మనం ఒక్క ఎక్కిలి అని అరుదుగా అంటాం, వాళ్ళూ అంతే. ఎక్కడైనా జి-హెచ్ కనిపిస్తే చదవడం మాత్రం హికప్ అనే చదవమనండి.

చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా ఎక్కిళ్ళు వస్తే మా నాయనమ్మ ముందు ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అనేది. ఆగకపోతే ‘వంటింట్లో ఏం దొంగతనంగా తిన్నావు, చెప్పు’ అని గద్దించేది. పిల్లవాడు బెదిరిపోయి ‘నేను తినలేదు నాయనమ్మా’ అనేలోపు ఎక్కిళ్ళు ఆగిపోయేవి. అప్పటికీ ఆగకపోతే చెంచాడు పంచదార. పసిపిల్లలకైతే దారం ముక్క తడిపి నుదుటి మీద అంటించేది. ఇంచుమించు 2,400 ఏళ్ళ కిందట ప్లేటో రాసిన ఒక సంభాషణలో, విందులో మాట్లాడే వంతు వచ్చేసరికి నాటక రచయిత అరిస్టోఫనీస్‌కి ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. పక్కనున్న వైద్యుడు మూడు ఉపాయాలు చెబుతాడు: ఊపిరి బిగబట్టు, నీళ్ళు పుక్కిలించు, అప్పటికీ ఆగకపోతే ముక్కులో ఏదైనా పెట్టి తుమ్ము. ఆయనకి తుమ్ముతోగానీ ఆగలేదు. మొదటి రెండూ మనం ఇప్పటికీ చేస్తున్నాం.

మీ నాన్నగారి సంగతి. ఆపరేషన్ తర్వాత ఎక్కిళ్ళు రావడం ఉన్నదే, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. కానీ 48 గంటలు దాటి ఆగకుండా వస్తుంటే, లేదా తిండికీ నిద్రకీ అడ్డమవుతుంటే, పంచదార మీదా నీళ్ళ మీదా ఆధారపడకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయండి, దానికి మందులున్నాయి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో చార్లెస్ ఆస్బోర్న్ అనే ఆయనకి 1922లో మొదలైన ఎక్కిళ్ళు 1990 వరకూ ఆగలేదు, 68 ఏళ్ళు. అది మరీ అరుదు, దానికి కంగారు పడక్కర్లేదు. ఫోన్ చేసినప్పుడు ఎన్ని గంటల నుంచి వస్తున్నాయో, నిద్రలో ఆగుతున్నాయో లేదో చెప్పండి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అవి ఉంటాయి.